నేను కలిపేసిన ఇద్దరు

ఆ ఆదివారం ఒక మనిషి నా దగ్గరికొచ్చి, "నా పేరు లిస్టులో లేదేటి బాబూ? నాకు బాగైపోనాదేటి?" అని అడిగాడు. నేను చేతిలోని కాగితం మడతపెడుతూనే, "కంప్యూటర్ తప్పు చెప్పదు. పేరు లేదంటే బాగున్నట్టే," అన్నాను. అది నిజం కాదు. నిజం కాదని అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయిన రోజులవి. మాది టెక్కలి. రోజూ పొద్దున్నే బస్సెక్కి పలాస వెళ్ళి, అక్కడొక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. మిగిలిన వేళల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. ఎన్ని బస్తాల జీడిపిక్కలు వచ్చాయి, ఎన్ని కాల్చారు, ఎంత గుండు పప్పు, ఎంత బద్ద, అంతే. ఆ ప్రోగ్రాముల కన్నా, వాటి వెంట ఇచ్చిన ఇంకో చిన్న పనిముట్టు నాకు ఎక్కువ పేరు తెచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు. ఫైలు తెరిచి ఉండగా పోయిందంటే ఆ ఫైలు మళ్ళీ తెరుచుకునేది కాదు. అందుకని సాయంత్రం ఒక్క మీట నొక్కితే మొత్తం డేటాను రెండు ఫ్లాపీల్లోకి కాపీ చేసే బ్యాకప్ ప్రోగ్రాం ఒకటి రాశాను. ఫైలు పాడైతే ఆ ఫ్లాపీలే పెట్టి ఇంకో మీట నొక్కాలి, నిన్నటి డేటా తిరిగొచ్చేస్తుంది. మొదటిసారి అలా తిరిగొచ్చినప్పుడు ఒక ఫ్యాక్టరీ గుమాస్తా నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నవ్వుతూ వెనక్కి లాక్కున్నానే గాని, ఆ రోజు నుంచి నా చేతి మీద నాకు చాలా నమ్మకం కుదిరింది. ఎవరైనా ఏదైనా చెప్పబోతే సగంలోనే "తెలుసు, తెలుసు" అనడం అప్పుడే అలవాటైంది.

పలాసలో ఒక డాక్టరుగారు ఉండేవారు. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారని ఆయన చాలాకాలంగా గమనిస్తున్నారు. నీళ్ళవల్ల అని కొందరు, తోటల్లో కొట్టే మందులవల్ల అని కొందరు, ఎండలో చెమటోడ్చడంవల్ల అని కొందరు అనేవారు. ఎందువల్లో ఆయనకీ తెలియదు. తెలియాలంటే ముందు లెక్క ఉండాలని, ఆదివారాలు ఊళ్ళకు వెళ్ళి రక్తం తీయించి పరీక్ష చేయించేవారు. పరీక్షలో క్రియాటినిన్ అనే అంకె ఒకటి వస్తుంది. ఒకటికి అటూ ఇటూ ఉంటే కిడ్నీలు బాగున్నట్టు. పెరిగేకొద్దీ అవి దెబ్బతింటున్నట్టు. ఆ అంకెలన్నీ కంప్యూటర్లో పెట్టమని నన్ను పిలిచారు.

పలాసలో ఆయన ఆసుపత్రిలో ఒక కంప్యూటర్, సముద్రపు ఒడ్డున చేపల వేటకెళ్ళే వాళ్ళ ఊళ్ళో ఒక చిన్న గదిలో ఇంకో పాత కంప్యూటర్. ఆ గదిలో రక్తం తీసి, అంకెలు ఎక్కించే పని ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ది. యాభై ఏళ్ళ మనిషి, నేను అక్కా అనేవాణ్ణి. సోమవారం ఆమె ఇచ్చిన ఫ్లాపీ బస్సు కండక్టరు చేతిమీదుగా వజ్రపుకొత్తూరు మీంచి పలాస చేరేది. ఆ ఫ్లాపీలో ఉన్నదాన్ని పెద్ద కంప్యూటర్లోని డేటాలో కలిపే అప్‌డేట్ ప్రోగ్రాం నేనే రాశాను. మనిషి కొత్తవాడైతే కొత్త వరుస చేరుస్తుంది, పాతవాడైతే అతని వరుసలో కొత్త అంకె వేస్తుంది. నెలకోసారి, అంకె ఎక్కువగా ఉన్నవాళ్ళ పేర్లు అచ్చయి ఊరికి వెళ్ళేవి. అక్క ఆ పేర్లు చదివి, వాళ్ళను మళ్ళీ పరీక్షకు పిలిచేది. ఉప్పు తగ్గించమని, నొప్పి బిళ్ళలు ముట్టుకోవద్దని వాళ్ళకు గట్టిగా చెప్పేది. ఊళ్ళో అందరూ ఆ కాగితాన్ని 'లిస్టు' అనేవారు. లిస్టులో పేరుండటమంటే అక్కడివాళ్ళకు సగం చావు.

పాతవాడో కొత్తవాడో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఇంటిపేరు, పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తే ఒక్కడే అని రాశాను. అక్క మొదట్లోనే అడ్డుపడింది.

"తమ్ముడూ, పేర్లు సూసి కలిపీకు. ఈ ఊల్లో తాత పోతే ఆ పేరు మనవలందరికీ ఎట్టెస్తారు. ఇంటిపేరొకటే, పేరొకటే, ఈడు కూడా ఒకటే. మరి నీ మిషనుకి ఎలాగ తెలుస్తాది?"

"తండ్రి పేరు కూడా ఎక్కించండక్కా. దానికి గడి పెట్టాను కదా."

"ఎట్టావులే. నాను ఇంటింటికీ ఎల్లి రాసుకునే పాటికి మగోల్లు వేటలో ఉంటారు. పెళ్ళాం మొగుడి పేరు సెప్పదు, కోడలు మావ పేరు సెప్పదు. పక్కింటావిడ సెప్తే మొగుడి పేరైనా రాసుకుంటన్నాను. ఆ మావ పక్కింటావిడకీ మావ వరసే, ఆవిడా సెప్పదు. నువ్వొచ్చి అడుగు సూద్దాం, సీపురుతో సెప్తారు."

ఆమె దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఒకే పేరున్న వాళ్ళ పక్కన పెన్సిల్‌తో 'పెద్దిల్లు', 'చిన్నిల్లు', 'రేవు పక్క' అని ఆనవాళ్ళు రాసుకునేది. ఊళ్ళో ఎలా పిలుస్తారో అది రాసుకోవడానికి స్క్రీన్‌లో ఒక గడి పెట్టమని నన్ను రెండుసార్లు అడిగింది. "తర్వాత చూద్దాం అక్కా" అన్నాను. నా డేటాబేస్‌లో పెద్దిల్లు, చిన్నిల్లు అనే మాటలేమిటి, నామోషీగా ఉంటుందనుకున్నాను.

కొన్నాళ్ళకు డాక్టరుగారు విసుక్కున్నారు. "ఏమయ్యా, లిస్టులో ఒకే పేరు రెండేసిసార్లు వస్తోంది. ఏది నమ్మాలి?" నిజంగానే కొన్ని పేర్లు రెండుసార్లు పడ్డాయి, అక్షరం తేడాతో ఎక్కించినవి. అది చూసి నాకు పౌరుషం వచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని, అక్షరం తేడా ఉన్నా ఒకే పేరుగా లెక్కేసి ఆ వరుసలన్నిటినీ ఒకటిగా కలిపి, చివరి తేదీ అంకెను మాత్రమే ఉంచేలా ఇంకో ప్రోగ్రాం రాశాను. నడిపించాను. ఏవి కలిశాయో ఎక్కడా రాసి ఉంచలేదు. కళ్ళముందే వరుసలు తగ్గిపోతుంటే ఇల్లు ఊడ్చినంత హాయిగా అనిపించింది. వెంటనే అలవాటు కొద్దీ బ్యాకప్ మీట నొక్కాను. ఎప్పుడూ వాడే ఆ రెండు ఫ్లాపీలే. పాతదాన్ని తుడిచి కొత్తది రాసుకున్నాయి. ఫ్యాక్టరీలో నిన్నటిది ఒక్కటి చాలు, మొన్నటిది ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ మొన్నటిది కూడా కావాలని నాకు తట్టలేదు.

ఆ రోజుల్లోనే అక్క కూతురి పురిటికని సోంపేట వెళ్ళింది. రెండు నెలలు సెలవు. పాత కంప్యూటర్‌ని ఉప్పుగాలి తినేస్తోంది, మీటలు పట్టేస్తున్నాయి. బాగుచేసే పని కూడా ఉండటంతో ఆ ఆదివారం లిస్టు పట్టుకుని నేనే వెళ్ళాను. వలలు బాగుచేసుకునే పాక కింద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళు కాస్త ఎడంగా నిలబడ్డారు. పేర్లు చదివాను. చదువుతుంటే ఒక్కో పేరు దగ్గర ఒక్కో మొహం వాడిపోయేది. అయిపోయాక, అక్క నోట్‌బుక్‌లో 'చిన్నిల్లు' అని గుర్తున్న చిన్నింటాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు నాలుగైదు నెలలుగా ప్రతి లిస్టులోనూ ఆయన పేరు ఉంది. ముప్పై దాటినవాడు, ఎత్తుగా, కాస్త వంగి నడిచే మనిషి. అప్పుడే ఆ ప్రశ్న అడిగాడు.

నేను జవాబు చెప్పగానే పక్కనున్న పెద్దింటాయన, అతని పెదనాన్న కొడుకు, అదే పేరువాడు, భుజమ్మీద చరిచి పెద్దగా అన్నాడు: "నా పేరెట్టుకున్నాడు కదేటి, నా ఒంట్లో సత్తువే ఆడికి దిగిపోనాది!"

"పేరొకటే బావా, పెళ్ళాలు మాత్రం వేరు. సూసి రాయించు," అని ఇంకొకడు అందుకున్నాడు.

"ఆడి పెళ్ళాం పేరు కూడా ఎవులికీ తెలీదు, ఆడే సెప్పడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దింటాయన అన్న మాట అక్షరాలా జరిగిందని, జరిపింది నేనేనని నాకు తెలియదు. ఇద్దరూ కలిసిపోకుండా అక్క ఒకరి పేరులో అక్షరం మార్చి ఎక్కించింది; పెద్దింటాయన పరీక్ష తర్వాతి తేదీన జరిగింది. చివరి తేదీ అంకెను ఉంచి మిగిలినవి తీసేయమని నేను రాసిన పనికి, చిన్నింటాయన నాలుగైదు నెలల అంకెలూ పోయి, ఇద్దరికీ కలిపి అన్నగారి మంచి అంకె ఒక్కటి మిగిలింది. చిన్నింటాయన నా రెండు చేతులూ పట్టుకుని, "మా ఇంట్లో సెప్పొస్తాను బాబూ" అని గబగబా ఇసుకలో నడిచి వెళ్ళిపోయాడు. నేను కంప్యూటర్ మీటలు తుడుచుకుంటూ ఉండిపోయాను. పలాస వెళ్ళాకైనా ఆయన పాత అంకెలు తీసి చూడొచ్చు. చూడబోతే లేవని అప్పుడే తెలిసేది. చూడలేదు.

తరువాత విన్నదాన్నిబట్టి, ఆ రోజు ఆ ఇంట్లో నెలల తర్వాత ఉప్పుచేప కూర వండారు. మర్నాటి నుంచి ఆయన మళ్ళీ వేటకు వెళ్ళాడు. వల లాగి వచ్చాక ఒళ్ళు నొప్పులకు కిరాణా కొట్లో దొరికే బిళ్ళలు వేసుకున్నాడు. వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. వద్దనాల్సిన కాగితంలో ఆయన పేరు లేదు.

అక్క సెలవు అయ్యి వచ్చిన రోజే పట్టుకుంది. నేను పలాసలో క్లాసు చెబుతుంటే నోట్‌బుక్ చంకలో పెట్టుకుని నేరుగా లోపలికి వచ్చేసింది.

"సిన్నింటోడి అంకెలేవీ?"

"ఉన్నాయి కదక్కా. తగ్గింది ఆయనకి."

"తగ్గినాదా? మొకం సూసినావా? కాళ్ళు పొంగి సెప్పులు పట్టడం లేదు. అలాటిది తగ్గదు తమ్ముడూ, ఎక్కడైనా తగ్గుతాదేటి?" నోట్‌బుక్ నా బల్లమీద తెరిచింది. "ఇదిగో, ఇది పెద్దిల్లు. ఇది సిన్నిల్లు. నువ్వేటి సేసినావు?"

రెండు వరుసలూ పెన్సిల్ గుర్తులతో సహా నా ముందు ఉన్నాయి. క్లాసులో పదిమంది నన్నే చూస్తున్నారు. ఆమె నా మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "ముందు పద, డాక్టరుగారి కాడికి పోదాం."

డాక్టరుగారు ఆ సాయంత్రమే జీపు పంపి చిన్నింటాయన్ని పిలిపించారు. పరీక్షలో అంకె బాగా పెరిగిపోయి ఉంది. మర్నాడు విశాఖ పంపించారు. అక్కడ రక్తం శుద్ధి చేయడం మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు అంతదూరం రైల్లో వెళ్ళిరావాలి. పలాస స్టేషన్‌లో రెండుసార్లు ఆయన్ని చూశాను. మొదటిసారి స్తంభం చాటుకు తప్పుకున్నాను. రెండోసారి ఆయనే చూసి, "బాబూ, మిషను బాగైనాదా?" అని అడిగాడు. ఒడ్డున నేను బాగుచేసిన ఆ పాత కంప్యూటర్ గురించి. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అవునని తలూపాను. అప్పుడైనా చెప్పాల్సింది. రైలొచ్చింది, భార్య చెయ్యి పట్టి ఎక్కించింది, వెళ్ళిపోయారు. చెప్పకుండా తప్పించుకున్నందుకు నాకు లోపల తేలికగా అనిపించింది. ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వానలు మొదలయ్యేనాటికి ఆయన పోయాడు.

డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి, "ఎప్పటికైనా అది ముదిరేదేనయ్యా. రెండు నెలల్లో నువ్వు చంపలేదు," అన్నారు. మంచి మనసుతో అన్న మాట అది. నేను దాన్ని పట్టుకుని నిద్రపోవాలని చూశాను, కుదరలేదు. రెండు నెలలు ముందు తెలిసుంటే ఇంకెంతకాలం ఉండేవాడో ఆయనా చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆ చెప్పలేని కాలమంతా ఆయనది. నేను తీసేసుకున్నాను.

పెద్దకర్మ అయిన వారానికి అక్కను తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. పెద్దింటాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిన్నింటాయన భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను కూర్చోలేదు. శుక్రవారం నేనేం చేశానో, ఆదివారం ఏమన్నానో, స్టేషన్‌లో ఎందుకు మాట్లాడలేదో, వరసగా చెప్పేశాను. ఫ్లాపీలు, వరుసలు అంటే వాళ్ళకేం అర్థమవుతుందని మధ్యలో ఒకసారి ఆగాను. పెద్దింటాయన తలెత్తాడు.

"అర్దమైనాది. నా లెక్క ఆడికెట్టేసినావు, ఆడి లెక్క తీసేసినావు. అంతే కదేటి?"

"అంతే."

"ఆ దినం నాను అదే అన్నాను. నవ్వులాటకి అన్నాను." ఆయన లేచి నిలబడ్డాడు. "నువ్వూ నవ్వినావు."

చిన్నింటాయన భార్య వైపు తిరిగాను. అరుస్తుందనుకున్నాను. మెల్లగా అంది: "నీ మాట ఇన్నాక రెండు నెలలు నవ్వుతా తిరిగినాడు బాబూ. పెళ్ళైనకాడి నుంచి అంత నవ్వు నాను సూడలేదు. అది నీవల్లే. పోనాడు, అదీ నీవల్లే అంటన్నావు. నన్నేటి సెయ్యమంటావు? తిట్టమంటావా, దణ్ణవెట్టమంటావా?"

క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, అడగలేకపోయాను. అడిగితే ఆమె మీద ఇంకో బరువు వేసినట్టవుతుందనిపించింది. తిరిగి వచ్చే దారిలో అక్క ఒక్కటే అడిగింది. "ఈడొక్కడే అనుకుంటన్నావా? నువ్వు కలిపీసినోల్లు ఇంకెంతమంది?"

ఎంతమందో నాకు తెలియదు. కలిపినవాటి జాబితా లేదు, పాత బ్యాకప్ లేదు. అక్క నోట్‌బుక్ ఆమె ఊరికి ఒక్కదానికే. మిగతా ఊళ్ళలో అలాంటి పుస్తకం ఎవరూ రాయలేదు. అందుకని ఊరూరూ తిరగడం మొదలుపెట్టాను. ఆదివారాలు పరీక్షలకు డాక్టరుగారు వెళ్ళే ఊళ్ళకు, మిగతా సెలవు రోజుల్లో సైకిల్ మీద ఒక్కణ్ణే. డేటాలో ఉన్న ఒక్కో పేరు చదివి, "ఈ ఇంటిపేరుతో, ఈ పేరుతో మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?" అని అడిగేవాణ్ణి. తోటల్లో కొబ్బరికాయలు వలిచే వాళ్ళను అడిగాను, నౌపడ దగ్గర ఉప్పుమళ్ళలో పనికి వెళ్ళిన వాళ్ళ కోసం అక్కడికీ వెళ్ళాను. ఒకచోట ఒకే పేరుతో అయిదుగురు లేచి నిలబడ్డారు. ల్యాబ్ చీటీలు కొందరు దాచుకున్నారు, చూరులో దోపినవి, బియ్యం డబ్బాలో వేసినవి. కొందరు పొయ్యిలో పెట్టేశారు. చీటీ లేనివాళ్ళకు మళ్ళీ పరీక్ష చేయించాం. ఆ తిరుగుడులో, లిస్టులో ఉండాల్సి లేకుండాపోయిన వాళ్ళు ఇంకో ముగ్గురు దొరికారు. ఆ ముగ్గురికీ నేను చేసిన తప్పు నేనే చెప్పాను. ఒకాయన కొట్టడానికి చెయ్యెత్తాడు. కొట్టినా బాగుండేది.

ప్రోగ్రాములు కూడా మొదటినుంచీ రాశాను. కలపడం అనే పని కంప్యూటర్‌కి వదల్లేదు. ఒకే పేరు కనిపిస్తే ఆగి, మనిషిని అడుగుతుంది. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఊళ్ళో ఎలా పిలుస్తారో దానికి ఒక గడి. బ్యాకప్ ప్రతిసారీ వేరే ఫ్లాపీలోకి, మీద తేదీతో. పాతది ఒక్కటీ తుడవదు. ఇవన్నీ ముందే చెయ్యాల్సినవి. గొప్పగా చెప్పుకోవడానికి వీటిలో ఏమీ లేదు.

చిన్నింటాయన భార్య దగ్గరికి మాత్రం వెళుతూనే ఉన్నాను. ఆమె ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. అవే నీళ్ళు తాగింది, అదే తిండి తింది. రమ్మంటే, "మీ మిషన్లో పడితే మనిషి మిగలడు" అనేది. నిజమే కాబట్టి ఎదురు చెప్పేవాణ్ణి కాదు. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేసేవాణ్ణి. అలా ఏడాది గడిచింది. ఒక ఆదివారం అక్క రక్తం తీస్తుంటే, ఆయన భార్యే గది బయట కనిపించింది. వెంట చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు. "వీల్లని కూడా రాసుకో," అంది నా మొహం చూడకుండా, "మగోల్లకేనా రోగాలు?"

రక్తం ఇచ్చాక వాళ్ళను కంప్యూటర్ పక్కకు పిలిచాను. నాలుగు స్టూళ్ళు వేసి, ముందు చిన్నింటాయన భార్యతో మొదలుపెట్టాను. ఇంటిపేరు, పేరు, ఊళ్ళో ఏమని పిలుస్తారు, ఏ వీధి, పక్కిల్లు ఎవరిది, అన్నీ అడిగి ఎక్కించాను. నోటితో పలకని పేర్లు అక్క బయటికెళ్ళి మగవాళ్ళను అడిగి వచ్చింది. ఎక్కించినదాన్ని పైకి చదివాను. తప్పు పడినచోట ఆమె ఆపింది, దిద్దాను, మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఆమె ఔనన్నాక రెండోవిడ దగ్గరికి వెళ్ళాను.